తెల్లవారితే ఆదివారం

ఫిబ్రవరి 2, ఆదివారం

మళ్ళీ పడిపోయింది.

ముహూర్తం పదకొండు నలభైకి. అంతకు కాసేపటి ముందు వరకు లైవ్ చూసేవాళ్లు పెళ్లికి పట్టుమని పదిమంది లేరు. పంతులు మంత్రాలు ఎవరు చూస్తారు? జీలకర్ర-బెల్లం వేళకు మాత్రం ఎక్కడెక్కడి చుట్టాలూ ఒక్కసారే లింకు నొక్కారు. ఒక్క పెళ్లి అయితే తట్టుకునేది. మంచి ముహూర్తం అందరికీ ఒకటేనాయె, అన్ని పెళ్లిళ్లూ దానికే. మా మెషీన్లు చేతులెత్తేశాయి. ఫోన్లలో తెల్ల చక్రం తిరగడమే గాని బొమ్మ లేదు.

కరీంనగర్ నుంచి ఒక స్టూడియో అతను ఫోన్ చేశాడు. "మేడం, పిలగాని తాత దవాఖానల ఉన్నడు. ఆయన కోసమనే లైవ్ పెట్టిచ్చిన్రు. ఇప్పుడు ఆ ముసలాయనకు ఏం జెప్పాలె?"

సారీ అన్నాను. ఇంకేమంటాను?

మా ఓనర్ చక్రపాణి గారు బయటి నుంచే కేకేసుకుంటూ వచ్చారు. "ఏమ్మా స్వర్ణలతా, కిందటి వారం బాగానే ఉందన్నావుగా?"

"బాగానే ఉంటుంది సార్, ఎవరూ చూడనంత సేపు."

నోరు జారింది. పాపం, ఆయన ఫోనూ మోగుతూనే ఉంది.


ఫిబ్రవరి 3, సోమవారం

అమ్మకు తుంటి ఎముక ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి రాత్రి నా పక్క ఆమె మంచం కిందే. ఇవాళ అడిగింది: "అసలు మీరు జేసేదేందే? కెమెరా స్టూడియోవాళ్లదేనాయె, పెండ్లి వాళ్లదేనాయె."

"వాళ్ల కెమెరాల పడ్డ బొమ్మను అందరి ఫోన్లకు చేరుస్తమమ్మా. ఫోన్ మంచిదైతే పెద్ద బొమ్మ, సిగ్నల్ లేకపోతే చిన్న బొమ్మ. ముక్కలు ముక్కలు చేసి పంపుతం."

"మరి ఆగుడెందుకు?"

"అందరు ఒక్కటే బంతిల కూసుంటున్నరమ్మా. వంట ఉంది, వడ్డించెటోళ్లు చాలుతలేరు."

అమ్మకు వెంటనే అర్థమైంది. చక్రపాణి గారికి అర్థం చేయించడానికి నాకు ఏడాది పట్టింది. మెషీన్లు మావి కావు, ముంబైలో ఎవరి బిల్డింగులోనో ఉంటాయి, గంటల లెక్కన కిరాయి. రద్దీ పెరిగితే వాటంతట అవే ఇంకొన్ని కలుపుకునే ఏర్పాటు ఉంది. కానీ కొత్త మెషీన్ నిద్రలేచి పనికి దిగేసరికి అయిదారు నిమిషాలు. జీలకర్ర-బెల్లం అయిదారు నిమిషాలు ఆగదు.

రోజంతా అన్నీ నడపమంటే ఆయన ఒప్పుకోరు. "పెళ్లి జరిగేది పది నిమిషాలమ్మా, రోజంతా దేనికీ?" అంటారు. అదీ నిజమే.

అసలు రద్దీ ఎప్పుడొస్తుందో మాకు ముందే తెలుసు కదా. నెలల ముందు పంచాంగంలో ఉంటుంది, శుభలేఖ మీద అచ్చు వేసి ఉంటుంది. స్టూడియోవాళ్లు బుక్ చేసేటప్పుడే ముహూర్తం తేదీ, టైము రాయించుకుంటే, దానికి అరగంట ముందు మెషీన్లు అవే లేస్తాయి. ఇంత చిన్న విషయం ఇన్నాళ్లు ఎందుకు తట్టలేదో. నిద్ర చాలక అయి ఉంటుంది.


ఫిబ్రవరి 5, బుధవారం

అమ్మకు జ్వరం. సెలవు పెట్టాను. అంటే ఆఫీసు పని ఇంట్లో చేశాను.


ఫిబ్రవరి 7, శుక్రవారం

తమ్ముడు ప్రణీత్ శుభలేఖలు వచ్చాయి. ఆడపిల్ల తరఫువాళ్లు వనస్థలిపురంలో ఉంటారు, పెళ్లీ అక్కడే, సొంతూరు మాత్రం గుంటూరు దగ్గర. వాళ్ల సిద్ధాంతి పెట్టిన ముహూర్తం, తెల్లవారుజామున నాలుగూ పన్నెండుకు. నాన్న కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"నాలుగింటికి లగ్గమేందిరా? కోడి గూడ లేవదు. మనదాంట్ల పగటి పూట జేసుకోని, తిని, సల్లగ ఇంటికొస్తరు."

"వాళ్లదాంట్ల గట్లనే నాయినా. రాత్రి పెండ్లిల్లే," అన్నాడు ప్రణీత్. వాడి మొహం వెలిగిపోతోంది. సౌజన్యను రెండేళ్లుగా ఇష్టపడుతున్నాడు, అర్ధరాత్రి కాదు, వర్షంలో పెట్టినా చేసుకుంటాడు.

సాయంత్రం ఐలమ్మ అత్త వచ్చింది, నాన్న అక్క. వంటింట్లో చిన్నమ్మతో మాట్లాడుతోంది. నేను ముందు గదిలో అమ్మకు కాళ్లు ఒత్తుతున్నాను. అత్త గొంతు గోడలకు ఆగేది కాదు.

"బాసింగం స్వర్ణతోని కట్టియ్యకున్రి. ఆడిబిడ్డ కట్టాలె, నిజమే. కని దాని కాపురం అట్లాయె. శుభమా అని పిలగాడు ఇంటోడు అయితుంటె... మీ ప్రసన్న ఉన్నది గద, అది గడ్తది."

అమ్మ కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

తరువాత అందరూ ముందు గదిలోకి వచ్చినప్పుడు నేనే చెప్పేశాను: "నాకు పెండ్లికి వచ్చుడు కుదరదు. ఆ రోజు లైవ్‌లు మస్తున్నయి, నేను ఉండాలె. అమ్మ దగ్గర ఎట్లాగు ఒకరుండాలె. అమ్మకు లైవ్ నేనే చూపిస్త." అంతా మంచిదే అన్నారు. అత్త అయితే నా తల నిమిరింది.

ప్రణీత్ ఒక్కడే లేచి బయటికి వెళ్లిపోయాడు.


ఫిబ్రవరి 8, శనివారం

కోపం లేదు. నిజంగానే లేదు. అత్త పాతకాలం మనిషి. విడాకులు తీసుకుని రెండేళ్లయింది, ఇలాంటివి వినడం అలవాటైపోయింది. అమ్మకు ఎవరో ఒకరు ఉండాల్సిందే కదా. అమ్మ కోసమే ఉంటున్నాను.


ఫిబ్రవరి 11, మంగళవారం

ప్రణీత్ ఆఫీసుకు వచ్చాడు. కిందికి తీసుకుపోయి ఇరానీ చాయ్ తాగించాడు. రోడ్డు మీద కోచింగ్ పిల్లల గుంపు, బస్సుల హారన్లు, ఒకరి మాట ఒకరికి వినపడదు.

"అక్కా, అత్త మాట నువ్వు ఇన్నవు గదా."

"ఏ మాట?"

"నువ్వు రాకపోతె ఎవ్వరితోని బాసింగం కట్టిచ్చుకోను."

"పిచ్చోనివారా? అమ్మను ఎవరు చూస్తరు?"

"పైన టీచరమ్మ ఉంటదంట. నేనే అడిగిన."

"లైవ్ ఎవరు చూస్తరు? నీ ఒక్కని పెండ్లి కాదు, ఆ ముహూర్తానికి ఎన్ని పెండ్లిల్లున్నయో తెలుసా?"

నాకు తెలియకుండానే గొంతు పెంచాను. చాయ్‌వాడు ఇటు చూశాడు. ప్రణీత్ కప్పు కింద పెట్టి, "సరె అక్కా, నీ ఇష్టం," అని బండి తీసి వెళ్లిపోయాడు. చాయ్ సగం కూడా తాగలేదు.

వాడికి అర్థం కాదు. బాధ్యత అంటే ఏమిటో ఇకముందు తెలుస్తుంది.


ఫిబ్రవరి 14, శుక్రవారం

పని అయింది. కళ్లు మండుతున్నాయి.


ఫిబ్రవరి 16, ఆదివారం

నిలబడింది! పదీ యాభైకి ముహూర్తం. పదీ ఇరవైకే మెషీన్లు వాటంతట అవే లేచి కూర్చున్నాయి. రద్దీ గోడలా లేచింది, ఒక్క చక్రం తిరగలేదు. చక్రపాణి గారు మైసూర్‌పాక్ తెప్పించారు. ఆయన మైసూర్‌పాక్ తెప్పించడం ఆఫీసు చరిత్రలో ఇదే మొదలు.

నాతో పనిచేసే మణికంఠ చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "మేడం, ఇగ ఇది ఎవ్వలు లేకున్న నడుస్తది. ఇరవై రెండుకు నేనుంట. మీరు మంచిగ తమ్ముని పెండ్లి జూసుకోన్రి."

"కొత్త సిస్టం కదా, నమ్మలేం," అన్నాను.

"మీరే గద కట్టింది?"

నిజానికి నమ్మకం ఉంది. కానీ ఏమో, ఎందుకైనా మంచిది.


ఫిబ్రవరి 19, బుధవారం

ఇరవై రెండు ముహూర్తం పెద్దది. ఆంధ్రా వైపు స్టూడియోల బుకింగులే ఎక్కువ. తేదీలు, టైములు వాళ్లే ఎక్కించారు. ప్రణీత్‌ది నేను ఎక్కించాను. శుభలేఖ పక్కన పెట్టుకుని: 22, శనివారం, 4.12.

బాసికాలు తేవడానికి నాన్న ఎల్బీనగర్ వెళ్లి వచ్చాడు. పెట్టె నా చేతికిచ్చి, ఏదో అనబోయి, మంచినీళ్లు అడిగాడు.


ఫిబ్రవరి 22, శనివారం, మధ్యాహ్నం

పొద్దున చాయ్ తాగుతూ చూస్తే, తెల్లవారుజామున మెషీన్లన్నీ వాటంతట అవే లేచి, గంటన్నర ఖాళీగా ఉండి, మళ్ళీ పడుకున్నాయి. చూసేవాళ్లు ఒక్కరూ లేరు. మణికంఠ రాత్రి పెళ్లికి రిహార్సల్ వేసి ఉంటాడు. బుద్ధిమంతుడు. అడుగుదామనుకున్నాను. ఇంతలో బాసికాల పెట్టె కనబడటం లేదని ఇల్లంతా గోల. నా బీరువాలోనే ఉంది. నేనే పెట్టి మర్చిపోయాను.

సాయంత్రం

బస్సు వెళ్లిపోయింది. ప్రణీత్ అమ్మ కాళ్లకు దండం పెట్టి లేవలేదు, అలాగే కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ, "లేరా, మొఖానికి పెట్టిన పసుపంత నా చీరకే ఐతుంది," అంది. నా వైపు మాత్రం వాడు చూడలేదు.

ఇల్లు బోసిపోయింది. అమ్మ మంచం పక్కన స్టూలు, దాని మీద ట్యాబ్. ఒడిలో నా ల్యాప్‌టాప్. పైన టీచరమ్మ మెట్లు దిగి వచ్చి, "నువ్వు కూడా వెళ్ళమ్మా, నేను కూర్చుంటా," అంది. అమ్మకు నేనే అలవాటు అని పంపేశాను.

అమ్మ కోసమే.


ఫిబ్రవరి 23, ఆదివారం

అంతా వరుసగా రాయాలి. రాయకపోతే నిద్ర రాదు.

అమ్మ మూడున్నరకే లేచింది. తల దువ్వమంది. బొట్టు పెట్టుకుంది. "సూసెటోళ్లకు కనవడకపోతేంది, కొడుకు పెండ్లి గద," అంది. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాను. ట్యాబ్‌లో పెళ్లి మండపం అద్దంలా కనబడుతోంది. ప్రణీత్ పీటల మీద. ఎదురుగా అడ్డుతెర, దాని అంచు కింద సౌజన్య వేళ్లు కనబడుతున్నాయి. వాడి నుదుట బాసికం ఉంది. కట్టింది ప్రసన్నే అయి ఉంటుంది. పంతాలు పీటల దాకా వెళ్తాయా?

నాలుగూ పది. నా స్క్రీన్ మీద చూసేవాళ్ల లెక్క చూపే గీత పైకి లేవడం మొదలైంది. లేవనీ, మెషీన్లు ఉన్నాయిగా అనుకుని వాటి వైపు చూశాను. రోజూ రాత్రి ఉండే నాలుగే ఉన్నాయి. మిగతావి లేవనే లేదు.

ట్యాబ్‌లో బొమ్మ ఆగిపోయింది. అడ్డుతెర అడ్డంగానే ఉంది. దాని మీద చక్రం.

"ఆగిందేందే?"

"వస్తదమ్మా. ఒక్క నిమిషం."

చేత్తో లేపాను. లేచినవి లేచినట్టే కూలిపోయాయి. బొమ్మ రాని వాళ్లంతా లింకు మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నారు. నా పక్కన అమ్మ కూడా వేలితో అదే పని చేస్తోంది. మణికంఠ ఫోన్‌లో "మేడం, మేడం" అంటున్నాడు. నాన్నకు వీడియో కాల్ చేశాను, ఎత్తలేదు. బ్యాండు మేళం మోతలో జేబులో ఫోన్ ఎవరికి వినపడుతుంది?

ఒక దారి ఉంది. మిగతా పెళ్లిళ్ల లింకులన్నీ ఆపేసి ప్రణీత్‌ది ఒక్కటి వదిలితే, అమ్మకు ఆ క్షణమే బొమ్మ వచ్చేది. నా వేలు అక్కడి దాకా వెళ్లింది. ఎవరి తాత ఏ దవాఖానలో ఎదురుచూస్తున్నాడో. ఎవరి అమ్మ బొట్టు పెట్టుకుని కూర్చుందో. వేలు తీసేశాను.

"స్వర్ణా, తాళి కట్టిండా?"

"ఇంకా లేదమ్మా. వస్తది."

కట్టేశాడని నాకు తెలుసు. అంత సేపు ఎవరూ ఆగరు.

బొమ్మ వచ్చేసరికి తలంబ్రాలు పోసుకుంటున్నారు. అందరూ నవ్వుతున్నారు. సౌజన్య మెడలో తాళి ఉంది.

అమ్మ చాలా సేపు చూసింది. తరువాత ట్యాబ్‌ను బోర్లించింది.

"రికార్డింగ్ ఉంటదమ్మా," అన్నాను. "ఒక్క ముక్క పోలేదు. పొద్దున మొత్తం చూపిస్త."

"నాకు రికార్డింగ్ ఎందుకే?"

"నీ కోసం..."

"నా పేరు జెప్పకు." అమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. "నేనంటె మంచంల వడ్డ, నాకు తప్పదు. నీకేమాయె? ఆటో ఎక్కితె అరగంట గాదు. నువ్వు పోయి, నీ కండ్ల నిండ సూసొచ్చి, నా పక్కల కూసోని జెప్తె నేను సూసినట్టే ఉంటుండె. గా ఐలవ్వ ఒక్క మాటన్నదని నా మంచం సాటుకు దాసుకున్నవు. నాకు ఇనపడలేదనుకున్నవా ఆ దినం? చెవులు మంచిగనే ఉన్నయి నాయి."

ఏడ్చాను. మెషీన్ల కోసం కాదు. అమ్మ మంచం పట్టెకు తల ఆనించి, చిన్నపిల్లలా ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. రెండేళ్ల నుంచి ఏ పెళ్లికీ వెళ్లలేదు నేను. ప్రతిసారీ ఆఫీసు అన్నాను, సీజన్ అన్నాను, అమ్మ అన్నాను. సిగ్గు, భయం, ఇంకేం కాదు. అమ్మ నా తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

తెల్లవారాక చక్రపాణి గారు ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను. గొంతు బొంగురుపోయి ఉంది. అప్పటికే జనం చేత తిట్లు తిని ఉన్నారు.

"చూశానమ్మా. నీ మెషీన్లు లేచాయి. నిన్న లేచాయి."

"నిన్నా?"

"కార్డు మీద శనివారం రాత్రి నాలుగూ పన్నెండంటే ఏమిటనుకున్నావు? మాకు సూర్యుడు వచ్చేదాకా శనివారమే. పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది కదా, తెల్లవారితే ఆదివారం అని. మా స్టూడియోల వాళ్లంతా శనివారం తేదీయే ఎక్కించారు. నీ కంప్యూటరుకేమో అర్ధరాత్రితో రోజు మారిపోయె. మావైపు పెళ్లిళ్లన్నీ రాత్రులేనమ్మా, నన్నొక్క మాట అడగొచ్చుగా?"

శుభలేఖ తీసి చూశాను. ఉంది. బ్రాకెట్లో, చీమ తలంత అక్షరాల్లో. నేను చేత్తో ఎక్కించినప్పుడు కూడా ఉంది. శనివారం పెళ్లి, శనివారం పెళ్లి అని ఇంట్లో అందరం నెల నుంచీ అంటున్నాం. పుట్టి బుద్ధెరిగి పగటి పెళ్లిళ్లే చూసినదాన్ని, ఆ బ్రాకెట్ చదవాలని నాకు తట్టలేదు. నిన్న పొద్దున చాయ్ కప్పుతో వాటిని చూసి రిహార్సల్ అనుకున్నాను చూడు, అదీ నా తెలివి.

"రేపు మాట్లాడదాం సార్," అన్నాను. "ఇవాళ మా తమ్ముడి పెండ్లి."

ఆయన "అవునమ్మా, వెళ్లు, వెళ్లు," అన్నారు.

ఎనిమిదింటికి వీధి చివర బ్యాండు వినపడింది. కోడలిని ఇంటికి తెస్తున్నారు. అమ్మ నా వైపు తిరిగింది.

"లే. మొఖం కడుక్కో. ఆ పోచంపల్లి పట్టుచీర కట్టుకోని పోయి కడప కాడ నిలవడు."

"అమ్మా, అత్త..."

"ఆడిబిడ్డ ఉండంగ కోడలు ఊకెనే లోపలికొస్తదా? పో."

చీర సరిగా కుచ్చిళ్లు కూడా కుదరలేదు. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను, రెండు చేతులూ రెండు పక్కలా ఆనించి. ప్రణీత్, సౌజన్య మెట్ల కింద, కొంగుముడితో. ఇద్దరి కళ్లూ నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. వాడు నన్ను చూసి ఆగిపోయాడు. వెనక జనం ఒకరినొకరు గుద్దుకున్నారు. చిన్నమ్మ హారతి పళ్లెంతో ఎటు జరగాలో తెలియక నిలబడింది.

ఐలమ్మ అత్త ముందుకు వచ్చింది. "స్వర్ణా, జర పక్కకు జరుగు బిడ్డా. ప్రసన్న అడుగుతది పేర్లు."

చేతులు ఇంకా గట్టిగా ఆనించాను. "నేను జరగనత్తా. ఆడిబిడ్డను నేను. పేర్లు చెప్తెనే లోపలికి."

నాన్న పక్కకు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ప్రసన్న ఇంత మొహం చేసుకుని నవ్వుతూ నా పక్కకు వచ్చి నిలబడి, "ఔ మల్ల, చెప్తెనే," అంది. అత్త కొంగు సర్దుకుని వెనక్కి జరిగింది.

"ఫస్ట్ నువ్వు," అన్నాను సౌజన్యతో.

ఆ పిల్ల తల వంచుకుని, "ప్రణీత్ గారు," అంది.

"గారు వద్దు. మీ ఇంట్ల గారు. ఇక్కడ ఒట్టి పేరే."

జనం గొల్లుమన్నారు. "ప్రణీత్," అంది, ముక్కు దాకా ఎర్రబడి. వాడు ఆగలేక "సౌజన్య" అని అరిచేసి, "అక్కా, ఇగ పోనీయే, కాళ్లు గుంజుతున్నయి," అన్నాడు. అంటూనే ఏడుస్తున్నాడు, వెధవ. నాకూ కళ్ల నుంచి కారిపోతున్నాయి, చేతులు తీస్తే దారి ఇచ్చినట్టవుతుందని తుడుచుకోలేదు.

అప్పుడు లోపల్నుంచి అమ్మ కేక, బ్యాండును మించి: "స్వర్ణా! ఊకెనే ఇడువకే! నాకు ఇనపడలె, ఇంకోపాలి జెప్పియ్!"

ఇంకోసారి చెప్పించాను.